కొత్త డాక్టరు లెక్క

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ ఊరు ఆయన్ని కొత్త డాక్టరు అనే పిలుస్తోంది. వచ్చినప్పుడు దువ్వెన విరిగేంత జుట్టుండేది. ఇప్పుడు నున్నటి గుండు, చెవుల వెనక చెరో తెల్ల కుచ్చు. ఆయన చేతుల్లో పుట్టిన పిల్లలకి పిల్లలు పుట్టారు. ఆయన తర్వాత ఎప్పుడో వచ్చిన పళ్ల డాక్టరమ్మని నెల తిరక్కుండానే "అక్కా" అనేశారు గానీ, ఈయన్ని పట్టుకున్న 'కొత్త' మాత్రం ఊడలేదు.

ఆయన వచ్చింది వేరే దేశం నించి, రెండేళ్ల ఒప్పందం మీద. ఆర్నెల్లకి భార్య రెండు పెట్టెలతో దిగింది. ఒకటి విప్పింది. రెండోది బీరువా మీదికి ఎక్కించి, "రెండేళ్ల భాగ్యానికి మళ్లీ సర్దుకోవడం ఎందుకండీ" అంది. ఆ పెట్టె ఇప్పటికీ అక్కడే ఉంది. అందులో ఏముందంటే ఆవిడ దుప్పట్లంటుంది, ఆయన పుస్తకాలంటాడు. దింపి చూస్తే పందెం తేలిపోతుందని ఇద్దరూ దాని జోలికి పోరు.

ఊళ్లో ఒకటే పెద్ద వీధి. పైచివర బడి, దిగువ చివర ఆస్పత్రి, మధ్యలో బస్సు ఆగే చోటు. ఆస్పత్రిలో ముప్ఫై మంచాలు, ఒకే ఒక్క ఆపరేషన్ గది. గోడలకి భుజమెత్తు దాకా లేతాకుపచ్చ పలకలు, ఆపైన సున్నం. మోచేత్తో తిప్పే కుళాయి ఒకటుంది. అది తిరగాలంటే మోచేతితో పాటు రెండు తిట్లు కూడా పడాలి. పెద్ద ఆస్పత్రి ఉన్న నగరం బస్సులో నాలుగు గంటల దూరం, అదీ బస్సుకి బుద్ధి పుడితే.

మొదటి మూడు నెలలూ ఆయన కత్తి పట్టింది లేదు. ఆయన కంటే ముందు పనిచేసిన సర్జను చేసి వెళ్లిన ఘనకార్యం అలాంటిది. ఆ మహానుభావుడు పిండిమిల్లు యజమాని కడుపులో పట్టకారు మర్చిపోయి కుట్లేశాడట. మిల్లు యజమాని అడుగేస్తే లోపల టిక్కుమనేదట, పరిగెత్తితే టకటకమనేదట. ఆయన వీధి మలుపు తిరిగేసరికి ఇంట్లో ఆడవాళ్లు చప్పుడు విని వడ్డన మొదలెట్టేవారట. ఇందులో ఎంత నిజముందో ఆయన్నే అడగాలి, ఆయనేమో పోయాడు, పట్టకారుతో సహా. మొత్తానికి ఊరి జనం కడుపు నొప్పొస్తే పొట్ట చేత్తో పట్టుకుని నాలుగు గంటలు బస్సులో కూర్చునేవారు తప్ప ఆ ఆకుపచ్చ పలకల గదిలోకి తొంగి చూసేవారు కాదు.

నాలుగో నెలలో ఆస్పత్రి వంటావిడకి కడుపులో పేగు తోక, అదే అపెండిక్సు, వాచింది. బస్సు దాకా కాదు గదా, తలుపు దాకా నడవలేకపోయింది. "మీ చేతిలోనే పోతాను, కానీ నా కడుపులో ఏమీ దాచకండి" అని చెప్పి బల్ల మీద పడుకుంది.

అప్పుడు గదిలో ఉన్న నర్సు ఇప్పటి పెద్ద సిస్టరే. అప్పటికి అందరికంటే చిన్నది, అందరికంటే గట్టి గొంతు. ఆపరేషన్లో రక్తం అద్దడానికి లోపల గుడ్డ ముక్కలు పెడతారు. రక్తంలో నానాక అవి మాంసం రంగుకి తిరిగిపోతాయి, వేలికి తగిలినా పోల్చుకోలేం. అందుకని కోసేముందు లెక్కపెట్టుకోవాలి, కుట్టేముందు మళ్లీ లెక్కపెట్టాలి. తీసిన గుడ్డలన్నీ నేల మీద పరిచి ఆవిడ గట్టిగా లెక్కపెట్టింది. కొత్త డాక్టరుకి ఊరి భాషలో అప్పటికి మంచినీళ్లు, నొప్పి, నోరు తెరువు, ఈ మూడే వచ్చు. ఆవిడ ఏమంటోందో అర్థం కాలేదు. ఆయనా వంగి తన భాషలో లెక్కపెట్టుకున్నాడు. చివరికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని వేళ్లు ఎత్తారు. రెండు పదులు, ఓ నాలుగు. ఇటూ అంతే, అటూ అంతే.

మెలకువ రాగానే వంటావిడ అడిగిన మొదటి మాట, "అన్నీ తీశారా?"

"రెండు భాషల్లో తీశాం, పడుకో" అంది సిస్టరు.

ఆ మాట వంటగది కిటికీలోంచి వీధిలోకి పడింది. వారం తిరిగేసరికి బస్సు నించి ఇద్దరు వెనక్కి దిగి ఆస్పత్రికి నడిచొచ్చారు. అప్పటినించీ అదే పద్ధతి. ఎవరి భాషలో వాళ్లు, ఎవరి లెక్క వాళ్లది, చివర్న వేళ్లు. నగరంలో పెద్ద ఆస్పత్రి వాళ్లకి యంత్రాలుంటే మాకు రెండు భాషలున్నాయని ఊరు మీసం మెలేసేది. మీసం లేనివాళ్లు కూడా మెలేసేవారు.

పన్నెండేళ్లు గడిచాయి. ఒక రోజు ఎవరిదో గర్భసంచి ఆపరేషన్ అయ్యాక సిస్టరు లెక్క మొదలెడితే, పక్కనించి కొత్త డాక్టరు ఊరి భాషలో గొంతు కలిపాడు. ఒకటి నించి పాతిక దాకా, ఎక్కడా తడబడకుండా, బడిపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు. మత్తు డాక్టరు చప్పట్లు కొట్టాడు. సిస్టరు కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక భుజానికి మొహం రాసుకుంది. "ఇవాళ్టికి మా వాడయ్యారు సార్" అంది. ఆ రోజు నించి ఇద్దరూ కలిసే లెక్కపెట్టారు, ఒకే భాషలో, ఒకే దరువులో. అది పాటలా ఉండేది. ఆస్పత్రి గోడ పక్క దాగుడుమూతలాడే పిల్లలు కూడా ఆయన యాసలోనే ఇరవై దాకా లెక్కపెట్టేవారు.

ఆ ఏడాదే వానలో బస్సు కాలవలోకి జారింది. ప్రయాణికులకి గీతలు, బొప్పులు. డ్రైవరుకి మాత్రం స్టీరింగు ఎడమ డొక్కలో దిగింది, లోపల ప్లీహం పగిలింది. అది పగిలితే రక్తం కుళాయి తిప్పినట్టు వస్తుంది. కొత్త డాక్టరు రెండు గంటల్లో దాన్ని తీసేసి ముడేశాడు. లోపలికి నలభై గుడ్డలు వెళ్లాయి. పాట పాడారు. నలభై వచ్చాయి. కుట్టేశారు.

బతికి బట్టకట్టిన డ్రైవరు కొత్త డాక్టరుకి చేసిన ప్రచారం పత్రికలు కూడా చెయ్యలేవు. ఆయన బస్సు ఎక్కినవాళ్లకి నాలుగు గంటలు దిగడానికి లేదు, చెవులు మూసుకోవడానికి లేదు. "నా గుండె ఆగిపోయిందండీ. కొత్త డాక్టరు చేత్తో పట్టుకుని నొక్కాడు" అని మొదలెట్టేవాడు. గుండె ఆగనే లేదు. డాక్టరు దాన్ని ముట్టుకోనే లేదు. అయినా మొదట్లో అర నిమిషం ఆగిన గుండె, బస్సుకి రంగు మార్చిన ఏడాదికి నాలుగు నిమిషాలైంది, కొత్త ఇంజను వచ్చేసరికి పదకొండు. ప్లీహం గుమ్మడికాయంత అయింది. "చివర్న లోపలంతా కడిగి, తుడిచి, పెళ్లివారింటి గిన్నెలా చేసి మూశాడు. బొట్టు మిగల్చలేదు" అని ముగించి, అప్పుడు హారన్ కొట్టేవాడు. కొత్త డాక్టరు ఎప్పుడైనా ఆ బస్సెక్కితే వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉండేవాడు. దిద్దలేదు. మెచ్చుకోలు ఎవరికైనా తీపే.

పందొమ్మిదేళ్ల తర్వాత డ్రైవరు ఎడమ డొక్క పట్టుకుని వచ్చాడు. "సీటు గట్టిపడింది డాక్టరూ, ఇంకేం లేదు" అన్నాడు. కిడ్నీలో రాయేమో చూద్దామని ఎక్స్‌రే తీయించారు.

కొత్త డాక్టరు ఫిలిం తీసుకుని తన గదిలో కిటికీకి ఎదురుగా పెట్టి చూశాడు. పక్కటెముకల కింద సన్నటి తెల్ల గీత, మెలికలు తిరిగి ఉంది. ఆపరేషన్ గుడ్డల్లో ఒక పోగు ప్రత్యేకంగా నేస్తారు. అది ఎక్కడున్నా ఎక్స్‌రేలో పట్టిస్తుంది. ఆ పోగుని చదవడానికి ఆయనకి రెండో చూపు అక్కర్లేదు. బయటికి వచ్చి, "రెండ్రోజులాగి రావయ్యా, ఇంకోసారి చూడాలి" అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక రోగికి ఆయన చెప్పిన మొదటి డొంకతిరుగుడు మాట అది.

పాత రిజిస్టరు తీశాడు. గుడ్డలు నలభై, సరిపోయాయి. కింద రెండు సంతకాలు, ఆయనదీ సిస్టర్‌దీ, పక్కపక్కన.

మధ్యాహ్నం సామాన్ల గదిలో బల్ల మీద ఉతికిన గుడ్డ ముక్కలు పరిచి పెద్ద సిస్టర్ని పిలిచాడు.

"ఏంటి సార్, బట్టల కొట్టు పెడుతున్నారా?"

"లెక్కపెడదాం సిస్టర్. ఎప్పట్లాగే."

ఆవిడకి వింతగా తోచినా వంగింది. ఇద్దరూ మొదలెట్టారు. పాట వెళ్లింది, చేతులు గుడ్డల మీద వెళ్లాయి. "నలభై" అన్నారిద్దరూ.

"ముప్ఫై తొమ్మిది" అన్నాడాయన. "నేనే పరిచాను. మూడుసార్లు చూసుకుని."

"మీరూ నలభై అన్నారుగా."

"అన్నాను. ముప్ఫై తొమ్మిదే అని తెలిసి కూడా నోటికి నలభై వచ్చింది."

పెద్ద సిస్టరు ఈసారి నోరు మూసుకుని, ఒక్కో గుడ్డ మీద వేలు నొక్కుతూ లెక్కపెట్టింది. అయ్యాక స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎవరి కడుపులో?" అంది.

"బస్సు."

"ఎప్పుడు చేశాం అతనికి?"

"గుండె ఆగిన ఏడాది."

నవ్వాల్సిన మాటే. ఇద్దరూ నవ్వలేదు. "పాట ముందెళ్లిపోయింది, చెయ్యి వెనకబడింది" అందావిడ. "వేరువేరుగా లెక్కపెట్టినన్నాళ్లూ మీ తప్పు నాకు అంటలేదు, నాది మీకు అంటలేదు. ఒక్కటయ్యాం, ఇద్దరం కలిసే తప్పాం." తలుపు వైపు చూసి, "ఆ ఫిలిం ఇంకెవరు చూశారు?" అనడిగింది.

"తీసినతను. పాత కుట్టు తీగేమో అన్నాడు."

"మీరు రిటైరవడానికి ఇంకా రెండేళ్లేగా ఉంది సార్."

"నాకు ఎప్పుడూ రెండేళ్లే ఉంది సిస్టర్."

ఆవిడ ఇంక ఆ మాట ఎత్తలేదు. గుడ్డలు మడతపెడుతూ, "పందొమ్మిదేళ్లు పాడాం" అంది. ఆయన ఆలోచించేదీ అదే. డ్రైవరుకి చెప్తే ఒక్క డ్రైవరుతో పోదు. పందొమ్మిదేళ్లలో ఆ బల్ల ఎక్కి దిగిన ప్రతివాడూ పొట్ట తడుముకుంటాడు. మళ్లీ జనం కడుపు పట్టుకుని బస్సు ఆగే చోటికి నడుస్తారు. ఆ గదిలోకి మనుషుల్ని రప్పించింది ఆయన హస్తవాసి ఒక్కటే కాదు, లోపల ఏమీ మిగల్చడన్న పేరు. ఆ పేరు పోతే ఆయనకి ఆ ఊళ్లో మిగిలేది బీరువా మీద పెట్టె.

ఎక్స్‌రే సంగతి అప్పటికే విన్న భార్య రాత్రి భోజనాల దగ్గర అడిగింది. "చెప్పారా?"

"ఇంకా లేదు."

"మరి ముద్ద ఎలా దిగుతోందండీ?"

దిగడం లేదు. అది ఆవిడకీ కనపడుతూనే ఉంది. ఆవిడ బీరువా వైపు చూసి, "పెట్టె దింపమంటారా?" అంది మామూలుగా, వాన వస్తుందేమో బట్టలు తియ్యనా అన్నట్టు.

"ఉండనీ" అన్నాడు. లేచి వైద్యుల మండలికి ఉత్తరం రాశాడు, తప్పు తనదని. మర్నాడు ఫిలిం చంకలో పెట్టుకుని బస్సు ఆగే చోటికి నడిచాడు.

ఖాళీ బస్సులో డ్రైవరు అద్దం తుడుచుకుంటున్నాడు. కొత్త డాక్టరు ఫిలింని ముందు అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. వెలుతురు బాగా వచ్చింది.

"ఈ తెల్లదేంటి డాక్టరూ, మన బస్సు దారిలా ఉంది మెలికలు."

"గుడ్డ. నీ ఆపరేషన్లో నేను మర్చిపోయింది. నొప్పి దానివల్లే."

డ్రైవరు చాలాసేపు ఫిలిం చూశాడు. "ఎంతుంటుంది?"

"జేబు రుమాలంత."

"అంతేనా" అన్నాడు, గొంతులో కొంచెం అసంతృప్తి. తర్వాత మొహం ఎర్రబడింది. "పోయేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు నాలుగు గంటలు. పందొమ్మిదేళ్లుగా మీ పేరు చెప్పాను. బొట్టు మిగల్చలేదని చెప్పాను. నన్ను అబద్ధాలకోరుని చేశారు కదా."

"గుండె ఆగిందని కూడా చెప్పావు."

"అది వేరు. అది నేనాడిన అబద్ధం. ఇది మీరు నాచేత ఆడించింది."

కొత్త డాక్టరు ఫిలింని అద్దం మీంచి దించాడు. "నగరంలో తీస్తారు. మంచి సర్జనమ్మ ఉంది, నేను మాట్లాడాను" అన్నాడు.

"నగరానికి రోజూ వెళ్తాను. ఒక్కరోజు కూడా అక్కడ ఉండిపోవాలనిపించలేదు." డ్రైవరు తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు. "ఆవిడనే రమ్మనండి, నా బస్సులోనే తెస్తాను. కొయ్యడం ఆవిడ కోస్తుంది. లెక్క మాత్రం మీరిద్దరూ పెట్టాలి. పాట పాడారో, లేచి కూర్చుంటాను. వంటావిడకి పెట్టినట్టు పెట్టండి."

సాయంత్రానికి కథ ఊరంతా తిరిగింది. ఆస్పత్రి తలుపు మీద కొత్త డాక్టరు కాగితం అంటించాడు, పందొమ్మిదేళ్లలో తన చేత ఆపరేషన్ చేయించుకున్నవాళ్లంతా వచ్చి ఎక్స్‌రే తీయించుకోమని. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజూ అంతే. వచ్చిందల్లా మండలి నించి ఉత్తరం, విచారణ తేలేదాకా కత్తి పట్టొద్దని. ఊరు కిటికీల వెనక నించి చూస్తోంది, బస్సు సంగతి ఏమవుతుందోనని.

సర్జనమ్మ కొత్త డాక్టరు వయసులో సగం ఉంటుంది, చెయ్యి చురుకు. మోచేతి కుళాయితో కుస్తీ పడుతుంటే పెద్ద సిస్టరు పక్కనించి ఆ రెండు తిట్లూ అందించింది. నీళ్లొచ్చాయి. గంటన్నరలో గుడ్డ దొరికింది. చుట్టూ శరీరం గట్టి తొడుగు అల్లుకుని, దాన్ని లోపల దాచుకుని ఉంది. ఆవిడ తీసి పళ్లెంలో పెట్టింది. కొత్త డాక్టరు దానివైపు ఒకసారి చూశాడు, తర్వాత చూడలేదు.

ఇక లెక్క. ఇక్కడ ఒక చిక్కుంది. మొదట్లో ఒకరి లెక్క ఇంకొకరి చెవికి వట్టి చప్పుడు. ఇప్పుడు ఇద్దరికీ రెండు భాషలూ వచ్చు. అందుకని పెద్ద సిస్టరు ఏర్పాటు మార్చింది. ముందు తను గొంతెత్తకుండా లెక్కపెట్టి, అంకె కాగితం మీద రాసి, బోర్లించి పళ్లెం కింద పెట్టింది. "మీరు మీ భాషలోనే పెట్టండి సార్. మా భాషలో అయితే మీకు పాటొచ్చేస్తుంది" అంది.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని నేల మీద గుడ్డల్ని ఒక్కొక్కటే తాకుతూ మొదలెట్టాడు. పందొమ్మిదేళ్లుగా ఆ గదిలో వినపడని లెక్క. పది దాటింది, ఇరవై దాటింది. ఇరవై ఆరు తర్వాత ఆగిపోయాడు. తర్వాతి మాట రాలేదు. ఊరి భాషలో ఇరవై ఏడు నోటి దాకా వచ్చి నించుంది. తన భాషలోది, అమ్మ నేర్పింది, ఎటు పోయిందో తెలియలేదు. వేలు గుడ్డ మీదే ఉంది.

పెద్ద సిస్టర్‌కి ఆ మాట తెలుసు. పన్నెండేళ్లు పక్కన నించుని విన్నది. ముసుగు వెనక పెదాలు కదిలాయి, ఆవిడ వాటిని పళ్ల కింద నొక్కిపెట్టింది. అందిస్తే అది మళ్లీ ఇద్దరి లెక్క అయిపోతుంది.

"మత్తు ఎక్కువసేపు ఉండదు" అంది సర్జనమ్మ, సూది చేత్తో పట్టుకుని.

"ఆగమ్మా, ఆయన లెక్కలో ఉన్నారు" అంది పెద్ద సిస్టరు.

కొత్త డాక్టరు వేలు తీసి మళ్లీ మొదటి గుడ్డ మీద పెట్టాడు. ఒకటి నించి మొదలెట్టాడు, ఇంకా నిదానంగా, అక్షరాలు కూడబలుక్కునే పిల్లాడిలా. ఇరవై ఆరు దగ్గర చెయ్యి ఆగలేదు. వేలు తర్వాతి గుడ్డకి తగిలింది, దాంతో పాటే మాట వచ్చింది. ముప్ఫై రెండు దగ్గర గుడ్డలు అయిపోయాయి. లేచి, మూడు పదులూ రెండు వేళ్లు చూపించాడు. తర్వాత పళ్లెం వైపు తిరిగి ఇంకో వేలు ఎత్తాడు.

సిస్టరు కాగితం తిప్పింది. ముప్ఫై రెండు, కింద విడిగా, పాతది ఒకటి.

"కుట్టండమ్మా" అంది.

డ్రైవరు కళ్లు తెరిచేసరికి మంచం పక్కన ఇద్దరూ నించుని ఉన్నారు. "పాడారా?" అన్నాడు.

"లేదు. రెండుసార్లు లెక్కపెట్టాను. మధ్యలో మర్చిపోయాను" అన్నాడు కొత్త డాక్టరు.

డ్రైవరు కాసేపు పైకప్పు చూశాడు. ఆయన బుర్రలో ఇంజను రాజుకోవడం పెద్ద సిస్టర్‌కి కనపడింది. "ఎంతసేపు మర్చిపోయారు?"

"అర నిమిషం ఉంటుంది."

"అర నిమిషం" అన్నాడు డ్రైవరు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో చూసుకుంటున్నట్టు. "సరే. ప్రస్తుతానికి చాలు."

మర్నాడు పొద్దున కొత్త డాక్టరు వచ్చేసరికి ఎక్స్‌రే గది బయట బెంచీ నిండిపోయి వరస వరండా మలుపు దాటింది. జనం పొట్టల మీద చేతులు పెట్టుకుని, దేని గురించో గొణుక్కుంటూ నించున్నారు. ఆయన వస్తుంటే కొందరు దారిచ్చారు, కొందరు ఇవ్వలేదు. వరసలో అందరికంటే ముందు, స్టూలు తెచ్చుకుని మరీ కూర్చున్నది ఆస్పత్రి వంటావిడ.

"నీకు అక్కర్లేదమ్మా. నీది వేరువేరుగా లెక్కపెట్టింది" అన్నాడాయన.

"తెలుసు" అందావిడ. "అయినా తీయండి."

ఆయన ఆవిడ పేరే ముందు రాసుకుని, లోపలికి పిలిచాడు.